చూసిన కన్ను మనది, నింద ఆమెకా?



పాప్ గాయని స్మిత గారు 2025లో ‘మసక మసక’ పాటను కొత్త వీడియోగా మళ్లీ తెచ్చారు. అది మన సింగరాయకొండ విశ్వాసుల ఫోన్లలోకీ వచ్చింది. వెంటే “ఈ వయసులో ఈ చిందులేమిటి, సిగ్గు లేదా” అనే మాటలూ వచ్చాయి. అందులో ర్యాప్ చేసిన నోయెల్ గారిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాటలు పంచినవారిలో ఆదివారం ముందు వరుసలో కూర్చునేవారూ ఉన్నారు గనుక మేము మాట్లాడక తప్పదు.

ఆ పాటను మేము మెచ్చుకోవడం లేదు. కుటుంబ ప్రార్థన జరిగే ఇంట్లో మోగవలసిన పాట కాదది. క్రిస్మస్ ఊరేగింపులో డీజే బాక్సులకు అలాంటి దరువు వద్దని ప్రతి డిసెంబరులోనూ చెబుతూనే ఉన్నాం. అయితే పాటను కాదనడం వేరు, పాడిన స్త్రీ మీద రాళ్లు రువ్వడం వేరు.

ఈ పాట నిన్న పుట్టింది కాదు. 1973లో ‘దేవుడు చేసిన మనుషులు’ సినిమాకు రమేష్ నాయుడు గారు బాణీ కట్టగా ఎల్.ఆర్. ఈశ్వరి గారు పాడారు. స్మిత గారు 2000లో ‘హాయ్ రబ్బా’ ఆల్బమ్‌తో పాప్ పాటల్లోకి వచ్చారు. ఆనాడు టీవీకి అతుక్కుపోయిన కుర్రాళ్లే ఈనాడు తీర్పు చెప్పే పెద్దలు. అరవై దాటిన హీరో పాతికేళ్ల పిల్లతో స్టెప్పులేస్తే ఈలలు వేస్తారు. అప్పుడు వయసు గుర్తుకు రాదు.

మత్తయి 5వ అధ్యాయం తెరవండి. మోహపు చూపును గూర్చి బోధించినప్పుడు ప్రభువు స్త్రీ కొంగు సంగతి ఎత్తలేదు. పురుషుని కంటి సంగతే ఎత్తాడు. యోహాను 8లో స్త్రీని ఈడ్చుకొచ్చారు సరే, ఆ పురుషుడు ఏడి?

తిరునాళ్ల రాత్రి రికార్డింగ్ డాన్సులోనూ జరిగేది ఇదే. కూటి కోసం ఆడిన అమ్మాయి చెడిపోయినది, నోట్లు విసిరినవాడు తెల్లారేసరికి పెద్దమనిషి.

స్మిత గారికి పేరుంది, మన నింద ఆమెదాకా వెళ్లదు. అది తగిలేది మన పిల్లలకే. మందిరంలో పాటలు పాడే మన ఆడపిల్లలు ఆ మాటలు చదువుతున్నారు. రేపు బస్సులో ఎవడో చెయ్యి వేస్తే మనతో చెప్పుకుంటారా? “నువ్వే ఏదో చేసి ఉంటావు” అంటామని నోరు మూసుకుంటారు. ఆ మౌనానికి దేవుని ఎదుట లెక్క చెప్పవలసింది మనమే.

నచ్చని వీడియో చూడకండి, పంపకండి. పంపిన తిట్టును ఈ రాత్రే తీసేయండి. మీ కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, “నీకేమైనా జరిగితే తప్పు నీది అనము, మాకు చెప్పు” అనండి. ఆ తర్వాత కలిసి కీర్తన 141 చదువుకోండి.

మన నోటికి ప్రభువే కావలి ఉండును గాక. ఆమేన్.