పనికొచ్చే మాట: పాత పడవకు కొత్త నేల

అమెరికా, కెనడా సరస్సుల్లో చేపలు పట్టే చిన్న అల్యూమినియం పడవలు దశాబ్దాలు మన్నుతాయి. ముందు కుళ్ళేది లోపల పరచిన ప్లైవుడ్ నేల. అక్కడ స్థిరపడ్డ మన పిల్లలు పాత పడవ కొంటే ఈ సంగతి చెప్పండి. చెద పట్టదు కదా అని రాగి మందు పట్టించిన చెక్క వేయకూడదు. 2004 నుంచి ఇళ్ళకు వాడుతున్న అలాంటి చెక్కలో చాలావాటికి రాగి పాలు మరీ ఎక్కువ. తడి తగిలిందంటే ఆ రాగి అల్యూమినియాన్ని తినేసి చిల్లులు పెడుతుంది.

మెరైన్ ప్లైవుడ్‌కు అంచులతో సహా ఎపాక్సీ పూసి, స్టెయిన్‌లెస్ స్టీలు మరలతో బిగించాలి. నేల కింద థర్మోకోల్ లాంటి ఫోమ్ ఉంటుంది. అది నీరు పీల్చి బరువెక్కితే కొత్తది పెట్టాలే గాని, వట్టిగా వదిలేయకూడదు. పడవ నిండా నీళ్ళొచ్చినా మునిగిపోకుండా కాపాడేది అదే.