పికప్ పేరుతో గాలి వ్యాపారం

దుక్కుల కాలం దగ్గరపడగానే స్పేర్ పార్టుల షాపుల్లో కొత్త సరుకు వేలాడుతోంది. ఎర్రటి కోన్ ఫిల్టరు, మెరిసే పైపు, పైన ‘కోల్డ్ ఎయిర్ కిట్’ అన్న పేరు. పాత ఎయిర్ క్లీనర్ పీకేసి ఇది బిగిస్తే ట్రాక్టరుకు పికప్ పెరుగుతుందని, డీజిల్ మిగులుతుందని నమ్మిస్తున్నారు. మార్కెట్‌కు సరుకు తోలే మన కుర్రాళ్ల డీజిల్ బండ్లకూ ఇదే అంటగడుతున్నారు. ఇది గాలి వ్యాపారమని మేం అంటున్నాం.

డీజిల్ ఇంజను బలం పంపు కొట్టే డీజిల్‌ను బట్టి ఉంటుంది. గాలి మామూలుగానే అవసరానికి మించి లోపలికి పోతుంది. చల్లగాలి చిక్కగా ఉంటుందన్నది నిజమే. 10 డిగ్రీలు తగ్గితే చిక్కదనం 3 శాతం పెరుగుతుంది. కానీ డీజిల్ పెంచకుండా దానితో ఒరిగేది పెద్దగా ఉండదు. డీజిల్ పెంచితే నల్లపొగ, ఇంజను వేడి, బంకు బిల్లు కూడా పెరుగుతాయి. పైగా బానెట్ కింద బిగించిన కోన్ ఫిల్టరు రేడియేటర్ వదిలిన వేడిగాలినే పీలుస్తుంది. పేరు చల్లగాలి, పీల్చేది వడగాలి! కిట్టు పెట్టాక నిజంగానే పికప్ వచ్చిందనే వాళ్లున్నారు. మూసుకుపోయిన పాత ఫిల్టరు తీసేశారు కాబట్టి వచ్చింది. దాన్ని సరిచేసినా వచ్చేదే.

అసలు ప్రమాదం దుమ్ముతో. 3 లీటర్ల ఇంజను 2,000 ఆర్‌పీఎం మీద నిమిషానికి సుమారు 2,500 లీటర్ల గాలి పీలుస్తుంది. 8 గంటల పనికి 12 లక్షల లీటర్లు! ఎండు దుక్కిలో రోటవేటర్ వెనక లేచే దుమ్మును తలుచుకోండి. అందులోని సన్నటి ఇసుక ఆయిల్‌లో కలిసి లైనర్లను, రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. ఇంజను ఆయిల్ తాగడం మొదలుపెట్టి చివరికి బోరు పనికొస్తుంది. సీజన్ మధ్యలో ట్రాక్టరు షెడ్డుకెక్కితే అద్దె ట్రాక్టరు, దానికో అప్పు. ఆ నష్టం కిట్టు అమ్మినవాడు భరిస్తాడా?

అయితే తప్పంతా రైతుదేనని కంపెనీలు తప్పించుకోలేవు. ఒరిజినల్ ఫిల్టరు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. అదీ అడిగిన రోజు దొరకదు. బయట కొంటే వారంటీ పోతుందని డీలర్ల బెదిరింపు. కార్ల విషయంలో ఇలాంటి పద్ధతులపైనే కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టొద్దని చెప్పింది. 2022లో కేంద్రం ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసినప్పుడు ముందు వరుసలో పెట్టిన నాలుగు రంగాల్లో వ్యవసాయ యంత్రాలు ఒకటి. కారు యజమానికి ఉన్న న్యాయం ట్రాక్టరు రైతుకు ఎందుకు ఉండకూడదు?

కాబట్టి బయట ఫిల్టరు కొనేటప్పుడు పికప్ గురించి అడగొద్దు. ఇవి చూడండి:

• మన మోడల్‌కు పార్టు నంబరు సరిపోవాలి. రబ్బరు సీలు చుట్టూ సందు లేకుండా కూర్చోవాలి.
• పొడి రకంలో బయటి ఫిల్టరుతో పాటు లోపలి సేఫ్టీ ఫిల్టరు కూడా ఉండాలి. లోపలిదాన్ని దులిపి మళ్లీ వాడొద్దు, మార్చాలి.
• ఆయిల్ బాత్ రకమైతే గిన్నెలో గుర్తు వరకే ఆయిల్ పోయాలి. మడ్డి పేరుకుంటే వెంటనే మార్చాలి.
• బిల్లు తీసుకోవాలి. బిల్లు ఇవ్వని షాపులో కొనొద్దు.

మా డిమాండ్లు మూడు. ఫిల్టర్ల వంటి నిత్యం మార్చే పార్టుల ధరలు, పార్టు నంబర్లు ప్రతి డీలరు షాపులో తెలుగులో బోర్డు మీద రాయాలి. బయట పార్టు వల్లే ఇంజను పాడైందని నిరూపించకుండా వారంటీ నిరాకరించకూడదు. రిపేరు హక్కును చట్టం చేయాలి.

వారంటీ నిరాకరించిన కాగితాలు, నాసిరకం పార్టుల బిల్లులు మీ దగ్గరుంటే మండల కమిటీకి తెచ్చి ఇవ్వండి. ఒక్క రైతు అడిగితే కసురుకునే డీలరు, వంద బిల్లులతో సంఘం వెళ్తే కుర్చీ వేసి మాట్లాడతాడు.