అడగని సలహా



ఈ నెల మేము పెళ్లికాని మన యౌవనస్థుల గురించి, పెళ్లైన పెద్దలతో మాట్లాడదలచాము.

క్రిస్మస్‌కో ఈస్టరుకో హైదరాబాదులో ఉద్యోగము చేసే పిల్లలు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలోని తమ ఇండ్లకు వస్తారు. ఆరాధన ముగియగానే గుడి వరండాలో ప్రశ్నలు మొదలవుతాయి. “లగ్గమెప్పుడు బిడ్డా?” “పప్పన్నం ఎప్పుడు పెడతావు?” ప్రశ్న వెంటనే సలహా. “ఇట్లా ఏరుకుంటూ కూర్చుంటే ఎట్లా? వచ్చిన సంబంధానికి తల ఊపు” అంటుంది ఒక అక్క. “తొందరపడకు, దేవుని సమయము కొరకు కనిపెట్టు” అంటారు పక్కనున్న అమ్మగారు. “కొన్నాళ్లు ఫోనులో మాట్లాడి మనసు తెలుసుకో” అని ఒకరంటే, “పెళ్లికి ముందు మాటలేమిటి?” అని ఇంకొకరు మందలిస్తారు. ముప్పై దాటిన అమ్మాయి ఈ నాలుగు మాటలూ ఒకే ఆదివారము వింటుంది. మరుసటి వారము వెనుక వరుసలో కూర్చుని, ఆశీర్వాదము కాకముందే చెప్పులు వేసుకుంటుంది. కొన్నాళ్లకు రానే రాదు. చెప్పినవారు ప్రేమతోనే చెప్పారు. అయితే ఆమెకు మిగిలినది సిగ్గు.

వాక్యము మనకేమి నేర్పుతున్నది? మొదటి కొరింథీయులకు 7వ అధ్యాయము తెరవండి. వివాహమును గురించి పౌలు వ్రాసినది కొరింథు సంఘమువారు ఉత్తరము వ్రాసి అడిగిన తరువాతనే. పెళ్లికానివారి సంగతికి వచ్చేసరికి, 25వ వచనములో, తనకు ప్రభువునుండి ఆజ్ఞ అందలేదని, చెప్పేది తన అభిప్రాయమేనని ముందే తెలియజేశాడు. అపొస్తలుడే అంత జాగ్రత్త వహిస్తే, మన అభిప్రాయమును దేవుని చిత్తమని మనము ఎట్లా చెప్పగలము? ఆదికాండము 24వ అధ్యాయములో అబ్రాహాము దాసుడు బావి దగ్గర మొదట ప్రార్థించాడు, తరువాత మౌనముగా కనిపెట్టాడు. ప్రయాణమునకు ముందు ఇంటివారు రిబ్కాను పిలిచి ఆమె నోటి మాట విన్నారు.

సలహాలలో ఒకటి మరీ అపాయకరమైనది. “మనవాళ్లలోనే చూసుకో” అనే మాట అది. ఇక్కడ మనవాళ్లంటే విశ్వాసులు కాదు, కులము. ప్రభువు బల్లలో కలిసి పాలుపొందే మనము, సంబంధము దగ్గరకు వచ్చేసరికి ఏ వాడ అని అడుగుతాము. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, కులము దాటి పెళ్లి చేసుకున్న ఒక యువకుణ్ణి, గర్భవతియైన అతని భార్య ఎదుటనే నరికి చంపారు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. వరండాలోని మాట హత్య కాదు. కాని ఆ విషపు చెట్టుకు నీళ్లు పోసేది అటువంటి మాటలే.

పెళ్లికానివారు సగము మనుష్యులు కారు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో అక్కడే ప్రభువునందు నిద్రించారు. ఆమె అవివాహితగానే ఉండి తెలుగు తల్లులకు, బిడ్డలకు సేవ చేశారు. మన ప్రభువు కూడ ఈ లోకములో అవివాహితుడుగానే జీవించాడు.

అయితే పెద్దలు నోరు మెదపకూడదా? అట్లా కాదు. చేయదగిన పనులు ఉన్నవి.

1. అడిగినప్పుడు చెప్పండి. అడగనప్పుడు వారి ఉద్యోగము, ఆరోగ్యము, పరిచర్య ఎట్లా ఉన్నవో కనుక్కోండి.

2. భోజనానికి పిలవండి. సంబంధము మాట ఎత్తకుండ వడ్డించండి. పట్నములో ఒంటరిగా తినేవారికి అది ఎంతో ఆదరణ.

3. మంచి సంబంధము తెలిస్తే, ఇష్టమేనా అని ముందు వారిని అడగండి, పదిమందిలో వద్దు. తెలిసిన నిజమును దాచవద్దు. అప్పులు, తాగుడు, కట్నముపై ఆశ ఉంటే చెప్పండి. కట్నము అడగడము 1961 చట్టము ప్రకారము నేరము.

4. అభ్యంతరము తెలుపుటకు సంఘము ఒక సమయము ఇచ్చింది. పెండ్లి ప్రకటన చదివినప్పుడు, న్యాయమైన ఆటంకము తెలిసినవారు పాస్టరుగారికి తెలియజేయాలి. గుసగుసలు అక్కరలేదు.

యౌవనస్థులారా, మీకూ ఒక మాట. “అత్తమ్మా, నా కొరకు ప్రార్థించండి. అవసరమైనప్పుడు నేనే వచ్చి అడుగుతాను” అని నవ్వుతూ చెప్పవచ్చు. అది ఎదురు మాట్లాడడము కాదు. అయితే నిజముగా అవసరమైనప్పుడు తప్పక అడగండి. ఇరవై, ముప్పై ఏండ్లు కాపురము చేసినవారి దగ్గర మీకు పనికివచ్చే మాటలు చాలా ఉంటాయి.

పెద్దలారా, వారు వచ్చి అడిగేంత నమ్మకము మన దగ్గర దొరకాలి. వినే చెవిని, కనిపెట్టే మనసును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.