మెరుపు కాదు, మన్నిక చూడాలి: రివాల్వర్ పూతల వెనక ఉన్న రసాయనం

2024లో ఎన్నికల షెడ్యూలు మార్చి 16న వెలువడింది. ఫలితాలు జూన్ 4న వచ్చాయి. ఈ మధ్య కాలంలో లైసెన్సు ఆయుధాలు ఉన్న చాలామంది వాటిని పోలీస్ స్టేషన్‌లో అప్పగించాల్సి వచ్చింది. కాకినాడ దగ్గర రైస్ మిల్లు నడిపే నా పరిచయస్తుడొకరు తన .32 రివాల్వర్‌ను తోలు ఒరతో సహా అప్పగించారు. ఎన్నికలయ్యాక తెచ్చుకుని ఒర విప్పితే, నల్లగా నిగనిగలాడాల్సిన లోహం మీద తోలు అంచు ఆనిన చోటల్లా గోధుమరంగు చుక్కలు కనిపించాయి. సిలిండర్ తిప్పితే పట్టేస్తోంది. "ఇచ్చేముందు నూనె కూడా రాశానండీ, ఇదేంటి?" అంటూ నా దగ్గరకు వచ్చారు. నేను ఉద్యోగ జీవితమంతా లోహాలతో గడిపినవాణ్ణి. బజార్లో ఎవరో నికెల్ పూత వేయించమన్నారట, వెండిలా మెరుస్తుందన్నారట. తొందరపడొద్దని చెప్పాను.

ఆయుధం ఎవరికి ఉండాలి అన్నది వేరే చర్చ, దాన్ని చట్టం చూసుకుంటుంది. కానీ చట్టప్రకారం దగ్గర ఉంచుకున్న ఆయుధం తుప్పు పట్టి మొరాయిస్తే ప్రమాదం దాని యజమానికి మాత్రమే పరిమితం కాదు. పక్కనున్నవారికీ ముప్పే. అందుకే పూత ఎంపికను అలంకారంగా కాకుండా భద్రతా విషయంగా చూడాలన్నది నా అభిప్రాయం.

బీరువాలో ఉండే రివాల్వర్ వేరు, రోజూ నడుముకు ఉండే రివాల్వర్ వేరు. రెండోదానికి శత్రువు చెమట. చెమటలో సోడియం క్లోరైడ్ ఉంటుంది, లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే మామూలుగానే ఇనుము తుప్పు వేగం పెరుగుతుంది. పైన ఉప్పు పేరుకుంటే అంత తేమ కూడా అక్కర్లేదు. తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని తానే కరిగి ద్రావణం అవుతుంది. మన కోస్తా వేసవిలో ఇది రోజూ జరిగే పని. తోలు ఒర ఆ తేమను, ఉప్పును పట్టి ఉంచుతుంది, మనం రాసిన నూనెను మాత్రం తాను పీల్చేసుకుంటుంది. మిల్లు యజమాని రివాల్వర్‌కు జరిగింది ఇదే.

ఇక పూతల సంగతి. చాలా రివాల్వర్లకు ఉండే నీలి నలుపు రంగు నిజానికి పూత కాదు. సోడియం హైడ్రాక్సైడ్, నైట్రేట్ లవణాల ద్రావణాన్ని సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగించి ఉక్కును అందులో ముంచుతారు. ఉక్కు పైపొర మాగ్నటైట్ అనే నల్లని ఇనుప ఆక్సైడ్‌గా మారుతుంది. దీన్నే బ్లూయింగ్ అంటారు. చూడడానికి అందంగా ఉంటుంది, కొలతలు మారవు. కానీ దాని మందం ఒకటి రెండు మైక్రాన్లే. పైగా సన్నని రంధ్రాలతో నిండి ఉంటుంది. తుప్పును ఆపేది ఆ రంధ్రాల్లో నిలిచే నూనె. నూనె పోయిన రోజున బ్లూయింగ్ వట్టి రంగుగా మిగులుతుంది.

సైనిక ఆయుధాలకు వాడే ఫాస్ఫేట్ పూత కూడా ఇదే కోవలోది. గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది. నూనెను బ్లూయింగ్ కంటే ఎక్కువగా పట్టి ఉంచుతుంది. నూనె లేకపోతే దానిదీ అదే కథ.

బజారు సలహా అయిన నికెల్‌ను చూద్దాం. నికెల్ స్వతహాగా తుప్పును బాగా తట్టుకుంటుంది. అయితే అది ఇనుముకు అడ్డుగోడ మాత్రమే. జింకు లాగా తాను కరిగిపోతూ ఇనుమును కాపాడదు. గోడకు ఒక్క చిల్లు పడితే తుప్పంతా ఆ చిల్లు దగ్గరే కేంద్రీకరించి లోపలికి తొలుచుకుపోతుంది. కొందరు నికెల్ కింద రాగి పొర వేస్తారు. బ్యారెల్ శుభ్రం చేసే కొన్ని ద్రావకాల్లో అమోనియా ఉంటుంది, అది రాగిని కరిగిస్తుంది. పై పూత ఒకచోట పెచ్చు లేస్తే చాలు, ద్రావకం కింద నుంచి పాకి మిగతాదాన్నీ లేపేస్తుంది.

హార్డ్ క్రోమ్ దీనికంటే గట్టిది. విక్కర్స్ కొలమానంలో దాని కాఠిన్యం 850 నుంచి 1000 వరకూ ఉంటుంది. ఒరలోకి పెట్టి తీసే రాపిడికి తేలిగ్గా అరగదు. లోపం ఏమిటంటే అందులో కంటికి కనిపించని సన్నని పగుళ్లుంటాయి. పొర పలచగా ఉంటే ఉప్పునీరు ఆ పగుళ్ల దారి పట్టుకుంటుంది. పైగా ఆ పూత వేసే తొట్టిలో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయింది. పొగ బయటకు పోయే ఏర్పాటు లేని చిన్న షెడ్డులో చవగ్గా వేసిన క్రోమ్‌కు అసలు ధర అక్కడి కార్మికుడి ఊపిరితిత్తులు కడుతున్నాయి.

నైట్రైడింగ్ దారి వేరు. సుమారు 570 డిగ్రీల దగ్గర నత్రజనిని, కొంత కార్బన్‌ను ఉక్కులోకే ఇంకేలా చేస్తారు. పైపొర గట్టి ఇనుప నైట్రైడ్‌గా మారుతుంది. అది ఉక్కులో భాగమే కనుక పెచ్చులూడదు. రాపిడినీ తుప్పునూ రెంటినీ తట్టుకుంటుంది. అయితే ఆ వేడి తక్కువ ఉష్ణోగ్రతలో టెంపర్ చేసిన భాగాల బలాన్ని తగ్గించేస్తుంది. అందుకే ఇది తయారీదారు తన ఉక్కును ఎరిగి చేయాల్సిన పని. కొన్న తర్వాత మనం చేయించుకునేది కాదు.

స్టెయిన్‌లెస్ స్టీల్‌కు పూతతో పనిలేదు. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే ఉక్కు మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర దానంతట అదే ఏర్పడుతుంది. గీత పడినా మళ్లీ అల్లుకుంటుంది. స్మిత్ అండ్ వెసన్ 1965లో మోడల్ 60తో స్టెయిన్‌లెస్ రివాల్వర్‌ను బజారులోకి తెచ్చింది. అయితే మన వంటింటి గిన్నెల్లో వాడే 304 రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఆయుధాలకు తరచూ వాడే 400 శ్రేణి రకాల్లో క్రోమియం 12, 13 శాతం దగ్గరే ఉంటుంది. కాఠిన్యం కోసం అలా ఎంచుకుంటారు. కాబట్టి ఇంట్లో గ్లాసు తుప్పు పట్టలేదు కదా అని రివాల్వర్‌ను చెమటతో అలాగే వదిలేస్తే క్లోరైడ్ దానికీ గుంటలు పెడుతుంది. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం విడుదల చేసిన 'నిర్భీక్' టైటానియం మిశ్రలోహంతో తయారైంది. క్లోరైడ్‌ను తట్టుకోవడంలో టైటానియం మేటి. కానీ లక్ష రూపాయలు దాటిన ధర అందరికీ అందేది కాదు.

ఇన్ని చెప్పాక నా ఎంపిక దాచుకోను. కోస్తాలో, ఒంటికి ఆనించి రోజూ ఉంచుకునేవారు కొత్తది కొంటుంటే మొదట స్టెయిన్‌లెస్, తర్వాత తయారీలోనే నైట్రైడింగ్ చేసినది చూడాలి. మూడోది, సరైన చోట వేసిన హార్డ్ క్రోమ్. పొడి వాతావరణంలో ఉండి, వారం వారం నూనె గుడ్డతో తుడిచే ఓపిక ఉన్నవారికి బ్లూయింగ్ చాలు. మెరుపు కోసం వేసే నికెల్ నా జాబితాలో ఆఖరిది.

ఉన్నదానికి కొత్త పూత వేయిద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. పూతకు ముందు ఆమ్లంలో కడిగేటప్పుడు, విద్యుత్తుతో పూత వేసేటప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడుతుంది. గట్టి ఉక్కు భాగాలను కొన్ని గంటల్లోపే సుమారు 190 డిగ్రీల దగ్గర కాల్చి దాన్ని వెళ్లగొట్టకపోతే స్ప్రింగు ఒకరోజు చెప్పకుండా విరుగుతుంది. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతులే. అక్కడ అదనపు పొర పేరుకుంటే సిలిండర్ పట్టేస్తుంది. బైకు విడిభాగాలకు పూత వేసే దుకాణానికి ఈ లెక్కలు ఉండవు. పైగా 1959 ఆయుధ చట్టం ప్రకారం ఆయుధాల మరమ్మతు వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. కాబట్టి లైసెన్సు ఉన్న ఆర్మరర్ దగ్గరకే వెళ్లాలి.

తయారీదారులను కూడా ఒకటి అడగాలి. ఐదు శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల దగ్గర మంచులా చల్లి తుప్పును కొలిచే పరీక్ష పరిశ్రమలో దశాబ్దాలుగా ఉంది. ఏ ఉక్కు, పూత ఎన్ని మైక్రాన్లు, ఆ పరీక్షలో ఎన్ని గంటలు నిలిచింది అన్న మూడు వివరాలు ఆయుధంతో ఇచ్చే కాగితంపై ముద్రించడం కష్టమేమీ కాదు. లోహాల క్షయంపై పనిచేసే కారైకుడి సెక్రి, ఉపరితల పూతలపై పనిచేసే హైదరాబాద్ ఏఆర్‌సీఐ వంటి సంస్థలు మనకున్నాయి. కాకినాడ గాలికి తగిన పూత ఏదో పరీక్షించి చెప్పగల నైపుణ్యం దేశంలోనే ఉంది. కొనేవారు అడగకపోవడం వల్లే 'మంచి ఫినిషింగ్' అన్న రెండు మాటలతో సరిపోతోంది.

మిల్లు యజమాని నికెల్ ఆలోచన మానుకున్నారు. ఆర్మరర్ తూటాలు లేవని నిర్ధారించుకుని, విప్పి, గుంటలు సిలిండర్ గదుల్లోకి పోలేదని చూసి, తుప్పు తీసి మళ్లీ బ్లూయింగ్ చేసిచ్చాడు. ఈసారి ఎన్నికలొస్తే రివాల్వర్‌ను నూనె గుడ్డలో చుట్టి అప్పగిస్తానని, తోలు ఒర మాత్రం ఇంట్లోనే ఉంచుతానని ఆయన నాతో అన్నారు.