లాజరు పక్కన కుక్కలు, మన తొట్టిలో దోమలు

లూకా సువార్త 16వ అధ్యాయంలోని లాజరు సంగతి మనందరికీ తెలుసు. ధనవంతుడి వాకిట పడి ఉన్న ఆ బీదవాడి దగ్గరికి ఆ ఇంట్లోంచి ఎవరూ రాలేదు. వచ్చినవి కుక్కలు. అతని కురుపులు నాకింది అవే. ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం, మేమూ చేశాం. పరలోకం గురించి, పాతాళం గురించి, ధనాపేక్ష గురించి మాట్లాడాం. కానీ ఆ వాకిట మనిషీ కుక్కా ఒకే నేల మీద పడి ఉన్నారన్న సంగతి దగ్గర ఆగింది చాలా తక్కువ. ఈసారి అక్కడ ఆగుదాం. ఎందుకంటే ఆ ఇద్దరికీ కలిపి వచ్చే జబ్బు ఒకటుంది.

కుక్కల ఒంట్లో ఉండే సన్నని, దారంలాంటి పురుగులు దోమకాటుతో మనుషుల్లోకి వస్తాయి. వైద్యులు దీన్ని డైరోఫిలేరియాసిస్ అంటారు. బోదకాలు తెచ్చే పురుగుకు ఇది దాయాది. బోదకాలు పురుగును దోమ మనిషి నుంచి మనిషికి మోస్తుంది. దీన్ని కుక్క నుంచి మనిషికి మోస్తుంది. ఇందులో ముఖ్యమైనవి రెండు రకాలు. డైరోఫిలేరియా ఇమ్మిటిస్ కుక్క గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉంటుంది. డైరోఫిలేరియా రెపెన్స్ కుక్క చర్మం కింద ఉంటుంది. మన దేశంలో మనుషుల్లో ఎక్కువగా బయటపడింది ఈ రెండోదే.

కుక్క రక్తంలో తిరిగే పిల్ల పురుగుల్ని దోమ పీల్చుకుంటుంది. దాదాపు రెండు వారాల్లో అవి దోమ ఒంట్లో ముదిరి, తర్వాతి కాటుతో ఇంకొకరి ఒంట్లోకి దిగుతాయి. మనిషి ఈ పురుగుకు సరైన ఇల్లు కాదు. సాధారణంగా ఒక్కటే బతికి, చర్మం కింద తిరిగి, ఎక్కడో ఒకచోట గడ్డ కడుతుంది. అది కనురెప్ప కావచ్చు, చెంప కావచ్చు, చేయి కావచ్చు. ఒక్కోసారి కంటి తెల్లగుడ్డు మీది పలుచని పొర కింద కదులుతూ కనిపిస్తుంది. ఆడ పురుగు పది సెంటీమీటర్లు దాటి కూడా పెరుగుతుంది. చిన్న కోతతో తీసేస్తే దాదాపు అందరికీ అక్కడితో నయమవుతుంది. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అంటదు. కుక్కను ముట్టుకుంటే రాదు. దోమ కుడితేనే వస్తుంది.

దోమకూ రోగానికీ ఉన్న ఈ బంధం తెలుగు నేలకు కొత్త కాదు. దోమ ఒంట్లో ఫైలేరియా పురుగు పెరుగుతుందని పాట్రిక్ మ్యాన్సన్ 1877లో చైనాలో చూపించాడు. ఆ దారిలోనే రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుక్కున్నాడు. నూరేళ్లు దాటిపోయాయి. దోమ మాత్రం మన వాకిలి విడిచి పోలేదు.

మన దేశంలో ఈ కుక్క పురుగు మనుషుల్లో ఎక్కువగా బయటపడింది కేరళలో. కర్ణాటకలో మంగళూరు, మణిపాల్ వైపు కంటి వైద్యులు రోగుల కళ్లలోంచి దీన్ని తీసి, వైద్య పత్రికల్లో రాశారు. అక్కడ వైద్య కళాశాలలున్నాయి, తీసిన పురుగును మైక్రోస్కోపు కింద పెట్టి పేరు చెప్పేవారున్నారు. అందుకే అక్కడి రోగి లెక్కలోకి వచ్చాడు.

ఇప్పుడు అదే రాష్ట్రంలో ఇంకో మూలకు రండి. తుమకూరు జిల్లా పావగడ తాలూకా, వెంకటమ్మనహళ్లి. మ్యాపులో చూస్తే పావగడ ఆంధ్రలోకి చొచ్చుకొచ్చిన ముక్కలా ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. జిల్లా కేంద్రానికి పావగడ నుంచే సుమారు వంద కిలోమీటర్లు. ఈ పల్లె పేరు దేశమంతా విన్నది 2005 ఫిబ్రవరిలో, ఇక్కడి పోలీసు శిబిరం మీద నక్సలైట్లు దాడి చేసి పోలీసుల ప్రాణాలు తీసినప్పుడు. తుపాకీ మోగితే పల్లె పేరు రాజధానికి చేరుతుంది. కంట్లో పురుగు మెదిలితే ఎవరికి చేరుతుంది?

ఇక్కడికి ఆ పురుగు వచ్చేసిందని భయపెట్టడానికి మేము ఇది రాయడం లేదు. అది రావడానికి కావలసిన పరిస్థితులు ఎవరు కల్పిస్తున్నారో చూడమని రాస్తున్నాం. పావగడ కరువు సీమ. బోరు నీళ్లలో ఫ్లోరైడు. కుళాయి రోజూ రాదు కాబట్టి ప్రతి ఇంటా డ్రమ్ములు, తొట్లు, బిందెలు నింపి పెట్టుకుంటారు. నిల్వ ఉన్న మంచినీళ్లలో ఏడిస్ దోమ, వీధి మురుగులో క్యూలెక్స్ దోమ పెరుగుతాయి. ఈ పురుగును రెండూ మోయగలవు. ఇదే తాలూకాలో దాదాపు 13 వేల ఎకరాల్లో, 2018లో మొదలైన సోలార్ పార్కు 2,050 మెగావాట్ల సామర్థ్యంతో నిలబడి ఉంది. భూమి ఉన్నవారికి కౌలు డబ్బు వచ్చింది. భూమి లేని కూలివారికి పొలం పని తగ్గింది. ఇంత వెలుగు పుట్టే తాలూకాలో వేసవి రాత్రి వీధిలో మంచం వేసుకుని, దోమతెర లేకుండా, కాళ్ల దగ్గర కుక్కతో పడుకునేది ఎవరు? కాలనీ జనమే. దోమ కులం చూడదు, నిజమే. కానీ మురుగుకాలువ ఎక్కడ ఆగిపోవాలో కులం చూసే నిర్ణయిస్తారు.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒకసారి యౌవనస్థుల కూటంలో మేము దోమల గురించి, పంచాయితీ నిర్లక్ష్యం గురించి గట్టిగా మాట్లాడుతున్నాం. ఒక అమ్మాయి లేచి, "అయ్యగారూ, మన బాప్తిస్మపు తొట్టిలో చూశారా?" అని అడిగింది. అందరం వెళ్లి చూశాం. ఎప్పుడో నింపి వదిలేసిన నీళ్లలో దోమపిల్లలు గిలగిలా తిరుగుతున్నాయి. కొత్త జీవానికి గుర్తుగా కట్టుకున్న తొట్టిలో మేము పెంచింది అదీ! ఆ రోజు ప్రసంగం అక్కడితో ఆపేసి తొట్టి ఖాళీ చేసి, చీపురుతో రుద్ది ఆరబెట్టాం. గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు వారం పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి ఆ పని ఇప్పుడు మా సంఘంలో వంతులవారీగా జరుగుతోంది.

ఈ జబ్బు సంగతి చెప్పగానే చాలామంది అనే మాట, "అయితే కుక్కల్ని చంపేస్తే పోతుంది కదా?" 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ముసుగులు వేసుకొచ్చినవారు రాత్రివేళ సుమారు 20 వీధికుక్కల్ని కాల్చి చంపారు. అలా చంపితే దోమ తగ్గదు, మురుగు ఎండదు. ఖాళీ అయిన వీధికి పక్క ఊరి కుక్కలు వస్తాయి. చట్టం కూడా ఒప్పుకోదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. కుక్క కూడా ఇక్కడ రోగే. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని సైతం పట్టించుకుంటాడని సామెతల గ్రంథం నేర్పుతుంది. పైగా "కుక్క" అన్న తిట్టు మన జనం తరతరాలుగా పడ్డారు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఆ మాట విన్న సురోఫెనికయ స్త్రీ వెనుదిరగలేదు, బల్ల కిందివారికీ వాటా ఉందని వాదించి గెలిచింది. ఆమె వారసులమైన మనం ఇంకో ప్రాణి మీద రాళ్లెత్తడం ఏం న్యాయం?

ఇంకొందరు దీన్ని చేతబడి అంటారు, శాపం అంటారు. కంట్లో ఏదో కదులుతోందని ఎవరైనా సంఘానికి వస్తే ప్రార్థన చేయండి, కానీ ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆకు పసరు పోయనివ్వకండి, సూదితో గుచ్చనివ్వకండి. పావగడలోనే రామకృష్ణ సేవాశ్రమం వారి శ్రీ శారదాదేవి కంటి ఆసుపత్రి ఉంది. వేరే విశ్వాసం వారిదని సంకోచించనక్కర్లేదు. గాయపడ్డవాడికి కట్టు కట్టిన సమరయుడు కూడా మనవాడు కాదు కదా!

ఇక మనం అడగాల్సినవి. కీటకాల ద్వారా వచ్చే జబ్బుల కోసం కేంద్రం నడిపే కార్యక్రమంలో ఆరు ఉన్నాయి: మలేరియా, డెంగీ, చికున్‌గున్యా, మెదడువాపు, కాలా అజార్, బోదకాలు. కుక్క పురుగు వాటిలో లేదు. లెక్కలో లేని జబ్బుకు నిధి ఉండదు, మనిషి ఉండడు. కాబట్టి ఎవరి ఒంట్లోంచైనా ఇలాంటి గడ్డ తీస్తే దాన్ని పారేయకుండా ల్యాబుకు పంపమని డాక్టర్ని అడగాలి. ఊపిరితిత్తిలో ఇమ్మిటిస్ కట్టిన గడ్డ ఎక్స్‌రేలో క్యాన్సర్‌లా కనిపించి కుటుంబాన్ని హడలెత్తించవచ్చు. పేరు తేలడం అందుకూ అవసరమే. రేబిస్ టీకా శిబిరం పెట్టినప్పుడే కుక్కల రక్తం పరీక్షించి పురుగు మందు ఇవ్వమని పశువైద్యశాలను కోరాలి. మోతాదు పశువైద్యుడే చెప్పాలి, సొంత వైద్యం వద్దు. గ్రామసభలో కాలనీ మురుగుకాలువ గురించి, రోజూ కుళాయి నీళ్ల గురించి అర్జీ పెట్టి, దానికి రసీదు తీసుకోవాలి. నీళ్లు రోజూ వస్తే డ్రమ్ములు నింపి పెట్టుకునే అవసరమే ఉండదు.

యౌవనస్థులారా, ఆ కథలో ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు. రోజూ తన వాకిలి దాటుతూ చూడలేదు, అంతే. దాహం పుట్టాక అతనికి లాజరు గుర్తొచ్చాడు, కానీ అప్పటికి మధ్యలో అగాధం ఏర్పడిపోయింది. మనకు ఇంకా సమయముంది. ఈ శనివారం మీ సంఘం వెనక ఉన్న తొట్టి మూత తీసి చూడండి. తర్వాత కాలనీ మురుగుకాలువ ఎక్కడ ఆగిపోయిందో నడిచి చూడండి. వచ్చే గ్రామసభలో మాట్లాడాల్సినది అక్కడే దొరుకుతుంది.