విడివిడి కొండలు, ఒకే బాట

2014లో చాంగాన్ నుంచి తియాన్‌షాన్ దాకా సాగే పట్టు దారి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. చైనా, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ కలిసి వేసిన ప్రతిపాదన అది. సుమారు 5,000 కిలోమీటర్ల బాట మీది 33 స్థలాలు అందులో ఒకే పేరు కింద నిలిచాయి. వాటిలో కొన్నింటిని విడిగా చూస్తే మట్టిదిబ్బలే. బాట తెలిస్తేనే ఆ దిబ్బ అక్కడ ఎందుకుందో తెలుస్తుంది. మన దేశం కూడా 2010లో భారతదేశంలోని పట్టు దారి స్థలాలంటూ తాత్కాలిక జాబితాలో 12 చోట్లు చేర్చింది. విక్రమశిల, వైశాలి, అరికమేడు, కావేరిపట్నం అందులో ఉన్నాయి. తెలుగు నేల నుంచి ఒక్కటీ లేదు, బెంగాల్‌లోని పాత రేవు తామ్రలిప్తి (ఇప్పటి తామ్లూక్) కూడా లేదు. కలకత్తాలోని ఖిదిర్‌పూర్ తెలుగువాళ్లకు ఇది రెండు వైపులా లోటే. ఒక కొస పుట్టిన ఊళ్లది, రెండో కొస బతుకుతున్న ఊరిది. కళింగాంధ్ర నుంచి తామ్రలిప్తికి సాగిన పాత బాటను ముక్కలుగా కాక ఒకే వారసత్వంగా గుర్తించాలన్నది మా వాదన.

ఆ బాట జాడలు నదుల దగ్గర దొరుకుతాయి. తూర్పు కనుమలకూ సముద్రానికీ నడుమ ఉన్న సన్నని నేలలో నడిచేవాడు ఏరు వెంట ఏరు దాటక తప్పదు. దాటే చోట సంతలు పుట్టాయి, వాటిని ఆనుకుని బౌద్ధ ఆరామాలు వెలిశాయి. శారద ఒడ్డున అనకాపల్లి దగ్గర శంకరం, చంపావతికి చేరువలో రామతీర్థం, వంశధార మీద శాలిహుండం ఉన్నాయి. ఇంకా ఉత్తరంగా ఋషికుల్య ఒడ్డున జౌగడలో, దయానది పక్కన ధౌళిలో అశోకుడు శాసనాలు చెక్కించాడు. చదివేవాళ్లు, చదివించుకుని వినేవాళ్లు వచ్చిపోయే చోటు కాకపోతే రాజు అక్కడ రాతి మీద అంత రాయించడు. బుద్ధుని దంతాన్ని దంతపురం నుంచి తామ్రలిప్తికి రహస్యంగా చేర్చి, అక్కడ ఓడెక్కించి సింహళం పంపారని పాలి గ్రంథం దాఠావంశం చెబుతుంది. ఆ దంతపురం ఆమదాలవలస దగ్గరి దంతవరపుకోటేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. కథలో ఎంత నిజమున్నా, ఆ రెండు ఊళ్ల మధ్య రాకపోకలు వినేవాళ్లకు వింతగా తోచలేదన్నది మాత్రం స్పష్టం. శాలిహుండాన్ని 1919లో లోకానికి చూపించినవారు గిడుగు వెంకట రామమూర్తి.

ఈ తీరంలో సాగిందంతా సముద్ర వ్యాపారం కదా, నడక దారి అనడం ఎందుకని ఒక అభ్యంతరం ఉంది. కాదనలేని బలం ఉన్న మాటే. విశాఖ దగ్గరి తొట్లకొండలో దొరికిన రోమన్ వెండి నాణేలు ఓడల కాలాన్నే గుర్తు చేస్తాయి. అయితే చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ప్రయాణం చూడండి. 7వ శతాబ్దంలో ఆయన తామ్రలిప్తి దగ్గరే ఓడెక్కి సింహళం వెళ్లాలనుకున్నాడు. సముద్రం ప్రమాదమనీ, నేల మీద దక్షిణానికి నడిచి వెళ్లి అక్కడ దాటితే మేలనీ ఒక దక్షిణాది భిక్షువు చెప్పాడని ఆయన జీవిత చరిత్రలో ఉంది. ఆ మాట విని ఓడ్ర, కొంగోద, కళింగ దేశాలు దాటి, కోసలం మీదుగా ఆంధ్రకూ, ధాన్యకటకానికీ వచ్చాడు. ఓడ గాలి కోసం కాచుకోవాలి, కాలినడకకు ఆ బెడద లేదు. రేవుకు సరుకు చేరాలన్నా, రేవు నుంచి సరుకు కదలాలన్నా ఎద్దుల బండి దారి ఉండాల్సిందే. కాబట్టి ఓడ వ్యాపారం ఎంత పెద్దదైతే ఈ బాట అంత రద్దీగా ఉండేదనుకోవడమే న్యాయం.

కంటికి కనిపించని బాటను ఎలా కాపాడతారని మరికొందరు అంటారు. మధ్య ఆసియాలోనూ చాలా మేర ఇసుకే ఉంది. అక్కడ దారికి సాక్ష్యం చెప్పింది మజిలీలే. మన మజిలీలను మాత్రం ఒంటరిగా వదిలేశాం. ఈ బాట ఇప్పుడు మూడు రాష్ట్రాల చేతిలో ఉంది. 1936లో ఒడిశా ఏర్పడి గంజాం విడిపోయాక, గిడుగు బతికిన పర్లాకిమిడి ఒక రాష్ట్రంలో, ఆయన కనుగొన్న శాలిహుండం మరో రాష్ట్రంలో మిగిలాయి. తొట్లకొండ మీద పునర్నిర్మించిన మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కూలింది. గుర్తింపు వస్తే హోటళ్లూ రోడ్లూ వచ్చి కొండలను మింగుతాయన్న భయం అబద్ధం కాదు, కానీ గుర్తింపు లేకుండానే విశాఖ చుట్టూ నగరం కొండలెక్కుతోంది. ప్రపంచ వారసత్వ ప్రతిపాదన వేయాలంటే ప్రతి స్థలానికీ రక్షణ హద్దు గీసి చూపాలి. మాకు కావలసింది బిరుదుకన్నా ఆ హద్దు.

ఖిదిర్‌పూర్ రేవు పేటలో, గార్డెన్‌రీచ్‌లో, టిటాగఢ్ జూట్ మిల్లుల చుట్టూ కూలి పనికి వచ్చి స్థిరపడ్డవాళ్లకు బౌద్ధ శిథిలాలతో ఏం పని అని కూడా అడగవచ్చు. వాళ్లను ఇక్కడికి చేర్చింది ఆ తీరపు నేలే. కలకత్తా, మద్రాసులను కలిపిన రైలు మార్గం కొండలకూ కడలికీ మధ్య అదే సందులోంచి, అవే ఏర్లను వంతెనలతో దాటుతూ వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం గార్డెన్‌రీచ్‌లోనే ఉండేది. తర్వాత వచ్చిన ఆగ్నేయ రైల్వే 2003 దాకా వాల్తేరు డివిజన్‌ను అక్కడి నుంచే నడిపింది. ఏటి పూడికతో తామ్రలిప్తి రేవు వాడుక తప్పిన ఎన్నో శతాబ్దాల తర్వాత, 1892లో తెరిచిన ఖిదిర్‌పూర్ డాక్ దక్షిణం నుంచి వచ్చేవాళ్లకు కొత్త తామ్రలిప్తి అయింది. దగ్గర్లోని సురినామ్ ఘాట్‌లో 2015లో పెట్టిన మాయీ బాప్ విగ్రహం ఇక్కడి నుంచి ఓడలెక్కిన గిర్మిటియా (ఒప్పంద) కూలీల గుర్తు. అశోకుని శాసనం దగ్గర మొదలుపెట్టి ఈ ఘాట్ దగ్గర ఆపే జాబితా అయితేనే బాట పూర్తిగా చెప్పినట్టవుతుంది. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ పురావస్తు శాఖలు కలిసి ముందు ఒక ఉమ్మడి పటం తయారు చేయాలి. శాలిహుండం, దంతవరపుకోట, జౌగడ, తామ్లూక్‌లతో పని మొదలుపెట్టవచ్చు.