మెదడుకూ మెయింటెనెన్స్ కావాలి

పదవీ విరమణ సమీపిస్తున్న మనలో భవిష్యనిధి లెక్కల తరువాత తరచుగా వినవచ్చే ప్రస్తావన మతిమరుపు గురించే. పేర్లు స్ఫురించడం లేదని, తాళంచెవులు ఎక్కడ పెట్టామో తెలియడం లేదని వాపోతూ ఉంటాము. వయస్సుతో జ్ఞప్తి కొంత మందగించడం సహజమే. దానిని నిలుపుకొనడానికి గళ్ళ నుడికట్టు, సుడోకు, సెల్‌ఫోను ఆటలు చాలునా?

అమెరికాలో 65 ఏళ్ళు నిండిన 2,832 మందిపై 'యాక్టివ్' అనే పరిశోధన జరిగింది. ఒక వర్గానికి జ్ఞాపకశక్తిలో, మరొక వర్గానికి తర్కంలో, ఇంకొక వర్గానికి చూచినదానిని త్వరగా గ్రహించడంలో శిక్షణ ఇచ్చారు. 2002లో వెలువడిన ఫలితాలలో, ఎవరు దేనిని సాధన చేశారో వారికి అందులోనే మెరుగుదల కనిపించింది. మన అవధానుల ధారణ కూడ అటువంటి విశేష సాధన ఫలమే. కనుక ఆటలు ఆడుకొనవచ్చును. వాటిపైనే భారం వేయరాదు.

పంపు ఎంత మంచిదైనా లూబ్రికేషన్ లేనిదే బేరింగు నిలువదని మనకు తెలుసు. శరీరపు బరువులో సుమారు 2 శాతమే ఉన్న మెదడు, విశ్రాంతి వేళ సైతం శరీరం వినియోగించే శక్తిలో దాదాపు 20 శాతాన్ని తీసుకొంటుంది. అది రక్తనాళాల ద్వారానే అందాలి. అందుచేతనే రక్తపోటు, మధుమేహం, పొగత్రాగడం, వ్యాయామలేమి మెదడుకు చేటు. 2024లో లాన్సెట్ కమిషన్ ఇటువంటి 14 కారణాలను పేర్కొని, వాటిని తొలగించగలిగితే డిమెన్షియా కేసులలో సుమారు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది.

ఆ జాబితాలో వినికిడి లోపం కూడ ఉన్నది. కంప్రెసర్ హౌసులో ఇయర్ మఫ్‌లను మెడకు తగిలించుకొని తిరిగే యువ సహోద్యోగులు దీనిని గమనించాలి. చెవి మందగించినవారు సంభాషణల నుండి క్రమంగా తప్పుకొంటారు. మెదడుకు పని తగ్గుతుంది. కళ్ళజోడుకు లేని సంకోచం వినికిడి యంత్రానికి ఎందుకు?

కుటుంబ సభ్యులకొక మనవి. పేరు మరచినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. తెలిసిన దారి తప్పడం, అలవాటైన లెక్కలు తారుమారు కావడం గమనిస్తే మాత్రం 'వయస్సు మీద పడింది' అని ఊరకుండక వైద్యునికి చూపండి. థైరాయిడ్ లోపమో, బి12 విటమిన్ కొరతో కారణమైతే చికిత్సతో మేలు జరుగవచ్చును. యంత్రం శబ్దం మారితే బ్రేక్‌డౌన్ వరకు వేచి ఉండము కదా!